ముందు ఫ్యూజు చూడండి

కారులో పాట ఆగిపోతే ఇప్పటి కుర్రాళ్ళు నన్ను అడిగే మొదటి మాట, "మాస్టారూ, పెద్ద స్క్రీను పెట్టించాలంటే ఎంతవుతుంది?" అని. మా రోజుల్లో మొదటి మాట "ఫ్యూజు చూశావా?" ఫ్యూజు బాగుంటే ఎర్తు చూడు, ఎర్తు బాగుంటే స్పీకరు తీగ చూడు, అదీ బాగుంటే అప్పుడు సెట్టు బయటికి లాగు. ఈ వరసలో ఎక్కడో ఒకచోట రోగం దొరికేది. చాలాసార్లు సెట్టు దాకా పోకుండానే దొరికేది. ఇప్పుడు వరసా లేదు, రోగం ఏమిటన్న విచారణా లేదు. ఉన్నది పీకెయ్యడం, కొత్తది దూర్చడం, పాతది పాత ఇనుము బండికి వేసెయ్యడం. బస్తర్‌లో బతికి, ఇక్కడి బళ్ళ రేడియోలు విప్పుతూ ముసలివాణ్ణయినవాడిని. ఇది చూస్తూ ఊరుకోవడం నా వల్ల కావడం లేదు.

మాది సాలూరు వైపు. ఘాట్ రోడ్డెక్కి, కోరాపుట్, జయపురం దాటుకుని జగ్దల్‌పూర్ వచ్చి స్థిరపడ్డ తెలుగు ఇళ్ళల్లో మాదీ ఒకటి. కొత్తవలస నుంచి కిరండూల్‌కి రైలు మార్గం 1960ల్లో పడింది. బైలడిల్లా ఇనుపరాయి విశాఖ రేవు చేరి, అక్కడ ఓడెక్కి జపాన్ వెళ్ళడానికి వేసిన లైను అది. రాయి కిందికి దిగింది, మనవాళ్ళు పైకెక్కారు. ఫిట్టర్లు, వెల్డర్లు, హోటళ్ళవాళ్ళు, లారీలవాళ్ళు, వాళ్ళ వెనకే రేడియో పనివాళ్ళు. కిరండూల్, బచేలీ కాలనీల్లో సాయంత్రం నడిస్తే సగం వాకిళ్ళలో తెలుగే వినిపించేది.

అప్పట్లో ఇక్కడ కార్లంటే అంబాసిడరు, ఫియట్, జీపు. అంతే. కారులో రేడియో ఉందంటే కాంట్రాక్టరో, పెద్ద ఆఫీసరో అయి ఉండాలి. ఇంటి రేడియోకి ఉన్నట్టే కారు రేడియోకీ పోస్టాఫీసు లైసెన్సు ఉండేది. ఏటా డబ్బు కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. అంత ఖర్చుపెట్టి, అంత తతంగం పడి పెట్టుకున్న వస్తువు గనక, మూగబోతే యజమానికి నిద్ర పట్టేది కాదు. మాకూ పట్టేది కాదు. విప్పిన సెట్టు బల్ల మీద వదిలేసి ఇంటికెళ్ళడం మా ఉస్తాదు ఒప్పుకోడు. రోగం తెలిసేదాకా షట్టరు దించకూడదనేవాడు. మందు రేపు వెయ్యొచ్చు, రోగం మాత్రం ఇవాళే తెలియాలని ఆయన పట్టు.

కారు రేడియో పని ఇంటి రేడియో పని కాదు. ఇది ఇప్పటివాళ్ళకు చెప్పినా ఎక్కదు. ఇంటి రేడియోలో గ్యాంగు కండెన్సరు ఉంటుంది, రేకుల మధ్య రేకులు తిరిగి స్టేషను పట్టుకుంటాయి. ఆ రేకులను కారులో పెడితే గోతిలో చక్రం పడ్డప్పుడల్లా అవి అదురుతాయి, స్టేషనూ అదురుతుంది. అందుకని కారు సెట్టులో రేకులు తీసేసి, తీగచుట్టల్లోకి ఫెర్రైటు కడ్డీలు దూరి బయటికొచ్చే ఏర్పాటు చేశారు. మీట నొక్కితే కడ్డీలు సరిగ్గా ముందు పెట్టిన చోటికి వెళ్ళి ఆగేవి. ఎన్నేళ్ళ కుదుపుకైనా ఆగేవి. ఆ పనితనం చెయ్యి పెట్టి చూసినవాడికే తెలుస్తుంది.

ఇక ఎర్తు సంగతి. పాత ఇంగ్లీషు కుదురు బళ్ళు కొన్నింటికి బ్యాటరీ పాజిటివ్ బాడీకి ఉండేది. మిగతావాటికి నెగటివ్. ఆనాటి రేడియోల వెనక దీన్ని మార్చుకునే ప్లగ్గు ఉండేది. చూడకుండా కరెంటిస్తే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు ఒక్క క్షణంలో పోతాయి. అందుకే సెట్టు ముట్టుకునే ముందు బ్యాటరీ దగ్గరికి వెళ్ళి చూడడం మాకు అలవాటు. తరవాత ఏరియల్. ఏరియల్ తీగ దూరే కంత పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. ఏరియల్ మార్చినప్పుడల్లా, డయలు పైకొసకు పోయి నీరసంగా వచ్చే స్టేషనొకటి పట్టుకుని, ఆ స్క్రూ మెల్లగా తిప్పి శబ్దం నిండుగా వచ్చిన చోట ఆపాలి. నిమిషం పని. ఆ నిమిషం పెట్టనివాడి బండిలో రేడియో ఎప్పటికీ నీరసంగానే పాడేది. పెట్రోలు ఇంజిను ప్లగ్గుల టకటక, ఏక్సిలేటరు తొక్కేకొద్దీ పెరిగే డైనమో కూత, ఈ రెండూ ఆపడానికి ప్లగ్గు తీగలకు సప్రెసర్లు, డైనమోకి కండెన్సరు వేసేవాళ్ళం. అవన్నీ అయ్యాకే పని అయిందని లెక్క.

1977లో జగ్దల్‌పూర్‌లో ఆకాశవాణి వచ్చింది. మీడియం వేవ్‌లో దాని చోటు 756 కిలోహెర్ట్జ్, బలం 100 కిలోవాట్లు. హల్బీలో, గోండీలో కార్యక్రమాలు వచ్చాయి. వారపు సంతకు వచ్చినవాళ్ళు తమ మాట పెట్టెలోంచి వినపడుతుంటే నిలబడిపోయి వినడం నేను చూశాను. దాంతో మా పని పెరిగింది, పనిలో చిక్కూ పెరిగింది. ఎందుకంటే తెలుగిళ్ళవాళ్ళకు రాత్రయ్యేసరికి హైదరాబాదు కావాలి. అది 738 మీద ఉంది. రెంటికీ నడుమ 18 కిలోహెర్ట్జే ఎడం. ఊళ్ళోనే 100 కిలోవాట్లు గర్జిస్తుంటే, వందల కిలోమీటర్ల అవతలి నుంచి ఆకాశం మీద జారి వచ్చే హైదరాబాదు గొంతు దాని కింద నలిగిపోయేది. విజయవాడ 837, విశాఖ 927 కాస్త దూరంగా ఉన్నాయి గనక బతికాయి. హైదరాబాదును బయటికి లాగాలంటే సెట్టులోని ఐ.ఎఫ్. డబ్బాలు, అంటే 455 కిలోహెర్ట్జ్ దగ్గర కూర్చోవలసినవి, ఒక్కొక్కటీ పింగాణీ మొన స్క్రూడ్రైవరుతో సరిచెయ్యాలి. కాస్త ఎక్కువ బిగిస్తే పదును వస్తుంది గానీ గొంతు ముక్కులోంచి వచ్చినట్టుంటుంది. కాస్త వదిలితే గొంతు బాగుంటుంది గానీ జగ్దల్‌పూర్ మీద పడుతుంది. ఎక్కడ ఆపాలో చెవి చెప్పాలి. బచేలీ నుంచి జీపులో వచ్చి, ఇలా సరిచేయించుకుని, రాత్రి గీదం రోడ్డు మీద తెలుగు వార్తలు వింటూ తిరిగి వెళ్ళినవాళ్ళున్నారు. మర్నాడు ఆ సంగతి చెప్పడానికే మళ్ళీ వచ్చినవాళ్ళూ ఉన్నారు.

క్యాసెట్ల కాలం వచ్చాక పని మరో రకం. ఆ కాలాన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఎర్ర దుమ్ము. బైలడిల్లా రాయి హెమటైటు, అంటే ఇనుము, ఆక్సిజను కలిసిన గట్టి రాయి. క్యాసెట్టు రీలు మీద పాటను మోసే గోధుమరంగు పూతా ఇనుము, ఆక్సిజనే. కూర్పు ఒక్కటే, లోపలి అమరిక వేరు. పూతలోని రకం అయస్కాంతాన్ని పట్టి ఉంచుతుంది, కొండలోని రకం ఉంచదు. కొండ రకం దుమ్మై క్యాసెట్టు కంతలోకి పోతే మాత్రం హెడ్డును గీసేస్తుంది. గనుల వైపు తిరిగే బళ్ళ డెక్కులు విప్పితే పించ్ రోలరు రబ్బరు ఎర్రగా, గాజులా నునుపెక్కి ఉండేది. టేపు జారేది, పాట ఈడ్చేది. ఓనరు వచ్చి "సెట్టు పోయింది" అనేవాడు. సెట్టు పోలేదు. స్పిరిట్‌లో ముంచిన దూదితో హెడ్డు తుడిచి, రోలరును సన్నటి గరుకు కాగితంతో ఒక్క చుట్టు తిప్పి, బెల్టు మార్చి, హెడ్డు పక్కన ఉండే అజిమత్ స్క్రూను చెవితో సరిచేస్తే, ఆ ఈడ్చే గొంతే మళ్ళీ గంటలా మోగేది. బెల్టులు హైదరాబాదు కోఠీలో గుజరాతీ గల్లీ నుంచి కట్టలు కట్టి తెప్పించుకునేవాణ్ణి. కొలతకు సరిపోయింది దొరక్కపోతే ఇంకో సెట్టు బెల్టు తెచ్చి నప్పించడం మాకు పరువు తక్కువ. వదులైన బెల్టుతో పాట వేగం మారుతుంది, వేగం మారితే రాగం మారుతుంది. పాడినవాళ్ళ శ్రుతి మార్చే హక్కు మనకెక్కడిది?

ఇంత చెప్పింది ఎందుకంటే, మొన్న నగర్‌నార్ ఉక్కు కర్మాగారంలో పనిచేసే మన గాజువాక కుర్రాడొకడు ఒక కారు తీసుకొచ్చాడు. స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్. 2004 ప్రాంతంలో మన దేశంలో అమ్మిన మొదటి తరం, టర్బో పెట్రోలు ఇంజినుది. చూడ్డానికి నాలుగు తలుపుల పెద్దమనిషి కారు. తొక్కితే వేరే జాతి. ఆ రోజుల్లో కుర్రాళ్ళు దానికోసం కలలు కన్నారు. ఇతను చేతులు మారిన బండిని ఇష్టపడి కొని, ఇంజిను పనంతా బాగా చేయించాడు. మెచ్చుకున్నాను. డ్యాష్‌బోర్డు చూసేసరికి మాత్రం నా మనసు కలుక్కుమంది. కంపెనీ స్టీరియో ఉండాల్సిన చోట తొమ్మిదంగుళాల స్క్రీను. చుట్టూ సందులు. ఓ పెద్ద ఊళ్ళో షాపులో పెట్టించాడట.

"బాగానే ఉంది మాస్టారూ, కాకపోతే రెండు రోజులు బండి తియ్యకపోతే బ్యాటరీ దిగిపోతోంది. ఎఫ్ఎం సరిగ్గా పట్టదు. పైగా వర్క్‌షాపులో స్కానరు పెడితే ఇంజిను కంప్యూటరు పలకడం లేదట. స్టీరియో సంగతి కాదనుకోండి, అది వేరే కంప్లైంటు" అన్నాడు.

వేరేది కాదు బాబూ. మూడూ ఒకటే, స్టీరియోవే.

స్క్రీను ఊడదీసి చూశాను. కంపెనీ ఇచ్చిన ప్లగ్గులు రెండూ కోసి పారేశారు. తీగలన్నీ మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టారు. మా ఎండకు ఆ టేపు జిగురు కారి అన్నీ విడివిడిగా వేలాడుతున్నాయి. ఏ స్టీరియోకైనా కరెంటు రెండు దారుల్లో రావాలి. ఒకటి ఎప్పుడూ ఉండే కరెంటు, గడియారం కోసం, జ్ఞాపకం కోసం. రెండోది తాళం తిప్పితేనే వచ్చేది. ఇక్కడ రెంటినీ కలిపి ఎప్పుడూ ఉండే దానికే కట్టేశారు. స్క్రీను చీకటిగా కనబడుతున్నా లోపల నిద్రపోవడం లేదు, బ్యాటరీని తాగుతూనే ఉంది. ఎఫ్ఎం సంగతి చూద్దాం. ఆ తరం ఆక్టేవియాకు కప్పు మీద పొట్టి ఏరియల్, దాని మొదట్లోనే చిన్న యాంప్లిఫయరు ఉంటాయి. దానికి కావలసిన 12 వోల్టులు ఏరియల్ తీగలోంచే కంపెనీ రేడియో పంపిస్తుంది. కొత్త స్క్రీను పంపదు. నడుమ ఒక చిన్న అడాప్టరు వెయ్యాలి. వెయ్యలేదు. యాంప్లిఫయరు చచ్చిపడి ఉంటే పొట్టి ఏరియల్ ఏం పడుతుంది?

మూడోది అన్నిటికన్నా దారుణం. ఆ ఆక్టేవియాను ఫోక్స్‌వ్యాగన్ నాలుగో తరం గోల్ఫ్ పునాది మీద కట్టారు. ఆ కుటుంబం బళ్ళలో రేడియో వెనక ప్లగ్గులోకి కె లైన్ అనే తీగ ఒకటి వస్తుంది. స్కానరు ఇంజిను కంప్యూటరుతో మాట్లాడే దారి అదే. రేడియోలోని తప్పులు కూడా స్కానరులో కనబడాలని దాన్ని రేడియో దాకా తెచ్చారు. బయటి సెట్టు పెట్టేటప్పుడు ఆ తీగను విడిగా ముడిచి వదిలెయ్యాలి. ఈ సంగతి ఆ బళ్ళతో తిరిగిన ప్రతి మంచి పనివాడికీ తెలుసు. ఇక్కడ దాన్ని మిగతావాటితో కలిపి మెలిపెట్టారు. ఇంజిను గొంతు నులిమి పెట్టి పాట పెట్టారన్నమాట. కొత్త కంప్యూటరు వెయ్యాలేమోనని కుర్రాడు ఖర్చు లెక్కలు వేసుకుంటున్నాడు. ఆ తీగను విడదీసిన గంటలో స్కానరు పలికింది.

"అసలు పాత స్టీరియోకి ఏమైంది?" అని అడిగాను.

"ఏదో 'సేఫ్' అని చూపించి ఆగిపోయింది మాస్టారూ. షాపువాళ్ళు ఇక పనికిరాదన్నారు."

'సేఫ్' అంటే పాడైందని కాదు. దొంగలకు పెట్టిన తాళం అది. స్టీరియోలు ఎత్తుకుపోవడం పెద్ద వ్యాపారంగా ఉన్న కాలంలో, బ్యాటరీ తీగ ఊడగానే సెట్టు తాళం వేసుకునేలా చేశారు. నాలుగంకెల కోడు కొడితే తెరుచుకుంటుంది. రెండుసార్లు తప్పు కొడితే గంటసేపు సెట్టు ఆన్‌లోనే ఉంచి ఆగాలి, తరవాత మళ్ళీ ప్రయత్నించవచ్చు. కోడు కార్డు బండి పుస్తకాల సంచీలో మొదటి ఓనరు పదిలంగా దాచి ఉంచాడు. ఎవరూ తెరిచి చూడలేదు. సెట్టు ఇంకా డిక్కీలోనే, పాత గుడ్డలో చుట్టి ఉంది. ఆ ఒక్కటీ అదృష్టం.

దాన్ని బల్ల మీద పెట్టాను. నిజమే, దానికి చిన్న రోగాలు ఉన్నాయి. వెనక రేకుకు ఆనుకుని ఉండే పవర్ ఐసీ కాళ్ళ దగ్గర సోల్డరు పగిలింది. వేడెక్కి, చల్లబడి, కుదుపు తిని ఇరవయ్యేళ్ళకు ఏ సెట్టులోనైనా వచ్చేదే. భూతద్దం పెడితే కాలి చుట్టూ నల్లటి ఉంగరం కనబడుతుంది. పాత సోల్డరు పీల్చేసి కొత్తది పోశాను. ఎండిన కెపాసిటర్లు కొన్ని మార్చాను. డిస్‌ప్లే వెనక బల్బు మార్చాను. లెన్సు తుడిచాను. ఫోను పాటలు కావాలని కుర్రాడు అడిగాడు, అడగడం న్యాయమే. ఆ సెట్టు వెనక సీడీ ఛేంజరుకు దారి ఉంటుంది. ఛేంజరు ఉందని సెట్టుకు సంకేతం పంపే చిన్న బోర్డు ఒకటి, దాని వెనక బ్లూటూత్ ముక్క ఒకటి పెడితే చాలు. బయటికి ఏమీ కనబడదు. కంపెనీ ప్లగ్గులు కొత్తవి తెప్పించి, కోసిన తీగలన్నీ రంగు రంగుకు కలిపి, సోల్డరు వేసి, హీట్ ష్రింక్ గొట్టం తొడిగాను. స్క్రీను ఖరీదుతో పోలిస్తే ఇదంతా కలిపి చాలా తక్కువ.

"మరి స్క్రీనులో 50 వాట్లు ఇంటూ నాలుగు అని ఉంది కదా మాస్టారూ, పాతదానికి అంత పవర్ ఉంటుందా?" అని అడిగాడు. ఇంజనీరింగు చదివినవాడు అడిగాడు గనక కాగితం మీదే చూపించాను. ఇంజిను తిరుగుతున్నప్పుడు బండిలో కరెంటు 14.4 వోల్టులు. దాంతో నాలుగు ఓముల స్పీకరుకు, బ్రిడ్జి కట్టినా సరే, శుద్ధంగా వెళ్ళగలిగేది పాతిక వాట్ల లోపు. ఓమ్ సూత్రం చైనా వాళ్ళకు వేరు, మనకు వేరు కాదు. 50 అన్నది శబ్దం పూర్తిగా చితికిపోయాక వచ్చే లెక్క. పాత సెట్టు అట్ట మీద అంకె తక్కువే ఉంటుంది, అందులోంచి వచ్చే పాట శుద్ధంగా ఉంటుంది. మా రోజుల్లో అట్ట మీద ఏడు వాట్లని రాస్తే ఏడు వాట్లు వచ్చేవి.

తలుపుల్లో స్పీకర్ల గతీ చెప్పాలి. బస్తర్ వాన సంగతి తెలిసిందే, జూన్‌లో మొదలైతే దసరా రథం కదిలేదాకా వదలదు. తలుపు అద్దం సందులోంచి నీళ్ళు లోపలికి దిగడం ప్రతి కారులోనూ జరిగేదే. అందుకే తలుపు రేకుకూ లోపలి అట్టకూ నడుమ కంపెనీ ఒక ప్లాస్టిక్ పరదా అంటిస్తుంది. ఈ కొత్త పనివాళ్ళు స్పీకరు మార్చే తొందరలో దాన్ని చింపేసి వదిలేస్తారు. తొలి వానాకాలంలోనే కాగితపు కోను నాని ఉబ్బుతుంది, రెండో ఏడు వాయిస్ కాయిల్ గీరుకుంటుంది. ఆపైన తలుపు అట్ట బూజు పడుతుంది. పరదా మళ్ళీ అంటించడానికి పావుగంట చాలు. పావుగంట ఎవరి దగ్గరా లేదు.

స్క్రీన్ల మీద నాకున్న కోపం వాటి కొత్తదనం మీద కాదు. వెనక్కి తీసేటప్పుడు కెమెరా చూపించడం మంచి పనే, ఎందరో పిల్లల ప్రాణాలు కాపాడుతుంది. నా కోపం రోడ్డు మీద నుంచి చూపును లాక్కోవడం మీద. కేశ్‌కాల్ ఘాటీలో పన్నెండు మలుపులు. ఎదురుగా ఇనుపరాయి లారీ దిగుతుంటే, శబ్దం తగ్గించాలంటే చేతికి ఒక గుండ్రటి మీట తగలాలి. కన్ను రోడ్డు మీదే ఉండగా చెయ్యి దాన్ని వెతుక్కుని తిప్పాలి. ఆ కంపెనీ స్టీరియో ముఖం అలాగే చేశారు. ఎక్కడ ఏ మీట ఉందో వేళ్ళకు తెలుస్తుంది. అద్దం పలక మీద వేళ్ళకేం తెలుస్తుంది? చూడాలి, నొక్కాలి, తప్పితే మళ్ళీ చూడాలి. మలుపు ఆగుతుందా అప్పటిదాకా? రాత్రిపూట మరీ ఘోరం. ఆ స్కోడాలో మీటర్ల దీపాలు, స్టీరియో దీపాలు అన్నీ ఒకే సన్నటి ఆకుపచ్చ. కంటికి హాయి. దాని నడుమ తెల్లటి వెలుతురు చిమ్మే పలక పెడితే దర్భా అడవిలో రోడ్డు పక్క నిలబడ్డ ఎద్దు కనబడదు. అడవి రోడ్డు మీద బండి తోలినవాడెవడూ దీన్ని చిన్న విషయమనడు.

ఇక మీడియం వేవ్. కొత్త సెట్లు చాలావాటికి అదే లేదు. ఉన్నా, అమెరికా పద్ధతికి సెట్ చేసి పంపిస్తారు. అక్కడ స్టేషన్ల ఎడం 10 కిలోహెర్ట్జ్, మనకు 9. కాబట్టి అంకె 750 నుంచి 760కి గెంతుతుంది, మన 756 మధ్యలో మిగిలిపోతుంది. లోపల సెట్టింగ్‌లో దేశం మారిస్తే సరిపోయేదానికి "ఇక్కడ సిగ్నలు లేదు సార్" అని పంపేస్తారు. బర్మా బజారు నుంచి వచ్చే పాత జపాన్ సెట్లది ఇంకో కథ. వాటి ఎఫ్ఎం 76 నుంచి 90 మెగాహెర్ట్జ్, మనది 88 నుంచి 108. ఇక్కడి స్టేషన్లు దాదాపు ఏవీ దాంట్లో పట్టవు. ఇది తెలిసి అమ్మినవాడిదీ, తెలుసుకోకుండా బిగించినవాడిదీ ఇద్దరిదీ తప్పే. ఫోను పాటలతో పనిలేదా అంటారు, ఉంది. కానీ సుక్మా దాటి కోంటా వైపు పోతుంటే టవరు అందని మైళ్ళు ఇంకా ఉన్నాయి. అక్కడ నెట్టు పాట మధ్యలో తెగిపోతుంది. మీడియం వేవ్ తెగదు. తుఫాను వార్త, వాగు పొంగిన వార్త ఆ దారిలో వెళ్ళేవాడికి ఎవరు చెప్పాలి?

కుర్రాళ్ళను తప్పుపట్టి ఊరుకోవడం నాకిష్టం లేదు. వాళ్ళకు నేర్పే దారి మూసుకుపోయింది, అసలు బాధ అదే. మా కాలంలో రేడియో కొంటే సర్క్యూటు కాగితం దొరికేది. చాలా సెట్లలో పెట్టె లోపలే అతికించి ఉండేది. ఏ వాల్వుకు ఏ కాలి మీద ఎన్ని వోల్టులుండాలో దాని మీదే రాసి ఉండేది. అది చూసే మేం చదువుకున్నాం. నాకు కాలేజీ లేదు, ఆ కాగితాలే కాలేజీ. ఇప్పుడు కొత్త కారులో స్టీరియో వేరు వస్తువుగా లేనే లేదు. ఏసీ, కెమెరా, తలుపు తాళాలు, సర్వీసు గుర్తులు అన్నీ ఆ పలకలోనే కలిపేశారు. దాన్ని విప్పితే వారంటీ పోతుందంటారు. విప్పకపోతే లక్షకు దగ్గరగా పోసి మొత్తం మార్చమంటారు. లోపల పోయింది ఒక చిన్న కెపాసిటరే కావచ్చు. అది చూడనిచ్చేవాడు లేడు.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక కమిటీ వేసింది. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లతో పాటు వాహనాలనూ ఆ జాబితాలో పెట్టింది. పోర్టల్ కూడా తెరిచారు. మంచిదే, సంతోషించాను. కానీ పోర్టల్‌లో కస్టమర్ కేరు నంబరు దొరికితే జగ్దల్‌పూర్ పనివాడికి ఒరిగేదేముంది? నాకు కావలసింది సర్క్యూటు బొమ్మ, ప్లగ్గులో ఏ కాలు దేనిదో చెప్పే పట్టిక, విడి ఐసీ. ఇవి ఇవ్వాలని చట్టం ఉండాలి. కె లైన్ ఏ కాలిదో రాసిన ఒక్క కాగితం ఆ షాపు కుర్రాడి చేతిలో ఉండుంటే వాడు దాన్ని మెలిపెట్టి ఉండేవాడు కాదు. వాడు చెడ్డవాడని నేననుకోను.

ఆ కాగితాలు వచ్చేదాకా ఇరవయ్యేళ్ళ నాటి మంచి కారు ఉన్నవాళ్ళకు నేను అడిగేది ఇది. ఆక్టేవియా కానివ్వండి, కాంటెసా కానివ్వండి, పాలియో కానివ్వండి, స్టీరియో పనికి తాళం ఇచ్చే ముందు పనివాడిని కంపెనీ ప్లగ్గు కొయ్యనని మాట ఇమ్మనండి. కొయ్యకుండా బిగించే అడాప్టరు తీగలు దొరుకుతాయి, భోజనం ఖర్చు కన్నా ఎక్కువేం కావు. ఏరియల్‌కు కరెంటు ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. తలుపు పరదా మళ్ళీ అంటించాడో లేదో మీ కళ్ళతో చూడండి. ఊడదీసిన పాత సెట్టును ఎక్స్చేంజిలో వంద రూపాయలకు వదిలెయ్యకండి, దాని కోడు కార్డు దానికే అంటించి ఇంటికి తీసుకెళ్ళండి. పాత కారు కొనేవాడు రేపు ముందు అడిగేది ఆ సెట్టే. ఎంతకాలం మూలన పడి ఉన్నా ఫరవాలేదు, నా దగ్గరికి తెస్తే విప్పుతాను. పక్కన కూర్చుని చూస్తానన్న కుర్రాడికి స్టూలు వేస్తాను, సోల్డరింగ్ ఐరన్ చేతికిస్తాను. ఆ గాజువాక కుర్రాడు ఆదివారాలు వస్తున్నాడు. పోయిన వారం తన స్నేహితుడి కారు స్టీరియో పలకడం లేదంటే, వాడు డ్యాష్‌బోర్డు జోలికి పోకుండా తిన్నగా ఫ్యూజు పెట్టె తెరిచాడు.